ఇంటర్వెల్ ఇస్తే చదువు పోతుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో ఇద్దరు టీచర్లం ఐదు తరగతులు నడిపే ప్రాథమిక పాఠశాల మాది. పిల్లలకు విరామం ఎంత ఇవ్వాలన్న విషయంపై రచ్చబండ దగ్గర ఒక రకం మాటలు, చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో ఇంకో రకం మాటలు వింటూ ఉంటాను. తల్లిదండ్రులకు ఓపికగా, తోటి ఉపాధ్యాయులకు కాస్త గట్టిగా సమాధానం చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: విరామం తగ్గిస్తే ఆ మేరకు చదువు పెరుగుతుంది.

వాస్తవం: ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుంది. అంటే రోజుకు సగటున నాలుగు గంటలు. బడి అంతకంటే ఎక్కువసేపే నడుస్తుంది కాబట్టి ఆటకూ భోజనానికీ చోటు ఉన్నట్టే. ఆటస్థలం ఉండాలన్నదీ అదే చట్టం షెడ్యూలులో ఉంది. ఫిన్లాండ్ బడుల్లో 45 నిమిషాల పాఠం తర్వాత 15 నిమిషాల విరామం మామూలు. అంత దూరం ఎందుకు, మూడో తరగతి పిల్లల తీసివేతల నోటుపుస్తకం తెరిచి చూడండి. పేజీ పైన లెక్కల్లో చక్కగా అప్పు తెచ్చుకున్న పిల్ల, అదే పేజీ అడుగుకు వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోతుంది. రాక కాదు, అలసి. అప్పుడు ఇంకో పది లెక్కలిస్తే తప్పునే సాధన చేయించినట్టు అవుతుంది.

అపోహ: ఆటపాటలతో చెబితే వేరే విశ్రాంతి అక్కర్లేదు.

వాస్తవం: ఈ నమ్మకం శిక్షణ తరగతుల నుంచి వచ్చిన మావాళ్లలోనే ఎక్కువ. కృత్యం, అంటే పాఠం కోసం చేయించే ఆటో పాటో, ఎంత సరదాగా ఉన్నా పనే. నియమం గుర్తుంచుకోవాలి, వంతు కోసం ఆగాలి, టీచర్ అడిగినదానికి జవాబు చెప్పాలి. వామనగుంతలనే తీసుకోండి. రెండు వరుసల్లో ఏడేసి గుంతలు, దోసెడు చింతగింజలు. లెక్కింపు నేర్పడానికి దీన్ని మించిన సామగ్రి నాకు కనిపించలేదు. కానీ ఇంటర్వెల్‌లో వేపచెట్టు కింద పిల్లలు అదే ఆట ఆడుతున్నప్పుడు నేను వెళ్లి "ఇప్పుడు నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని అడిగానంటే అది మళ్లీ నా పీరియడే. వాళ్లను తొండి చేసుకోనివ్వాలి, పోట్లాడుకోనివ్వాలి, నియమాలు మార్చుకోనివ్వాలి. దూరం నుంచి ఓ కన్నేసి ఉంచితే చాలు.

పీరియడ్ల వరుస వేసుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. హడావుడి కృత్యం తర్వాత పలక మీద బొమ్మలు, లేదా కథల పుస్తకం తీసుకుని ఎవరికి వారు చదువుకోవడం. లెక్కల తర్వాత ఆరుబయట పని. రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చునే చోట ఇంకో చిక్కు ఉంది. ఒకటో తరగతి అభినయగేయం పాడుతుంటే పక్క వరుసలో నాలుగో తరగతికి భాగహారం సాగదు. అందుకే కదిలే పని అందరికీ ఒకేసారి, చప్పుడు లేని పని అందరికీ ఒకేసారి పెడతాను. మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ విద్యాసంస్థ వాళ్లు బహుళతరగతి బోధనకు తయారుచేసిన కార్డుల పద్ధతిలో నాకు నచ్చేది అందులోని నిదానం. పిల్లవాడు తన మెట్టుకు తగిన కార్డు తానే తీసుకుని తన వేగంతో సాగుతాడు. వాడి ఆసక్తి నిలబెట్టడానికి టీచర్ గొంతు చించుకోనక్కర్లేదు.

అపోహ: గోడలన్నీ రంగురంగుల చార్టులతో నిండితేనే పిల్లల మనసు పాఠం మీద ఉంటుంది.

వాస్తవం: చార్టుల మీద ఉంటుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అలంకరణ ఎక్కువైన గదిలో చిన్నపిల్లల ధ్యాస ఎక్కువగా పక్కదారి పట్టింది, నేర్చుకున్నదీ తగ్గింది. నల్లబల్ల ఉన్న గోడను ఖాళీగా వదిలేయండి. తనిఖీకి వచ్చేవారి కోసం మిగతా మూడు గోడలున్నాయి.

అపోహ: హోంవర్క్ చేయనివాడికి ఇంటర్వెల్ ఆపితే దారికొస్తాడు.

వాస్తవం: కుదురుగా కూర్చోలేని పిల్లవాడికే బయట తిరగడం అందరికంటే అవసరం. దాన్నే ఆపేస్తే మిగతా పూటంతా అవస్థ పడేది మీరే. శిక్షగా గానీ, చదువు పేరుతో గానీ విరామం తీసేయవద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. పిల్లలు నీళ్లు తాగేదీ, మరుగుదొడ్డికి వెళ్లేదీ అప్పుడే. మార్చి వచ్చిందంటే అనంతపురం ఎండ సంగతి వేరే చెప్పాలా? ఒంటిపూట బడుల రోజుల్లో, పొద్దున్నే కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు కొందరు ఏమీ తినకుండానే వస్తారు. కష్టమైన పాఠం చల్లపూటే ముగించి, పదకొండు దాటాక కథలతోనో బొమ్మలతోనో సరిపెట్టడం మేలు.

అపోహ: టీచర్లకు సెలవులే సెలవులు, వాళ్లకు మళ్లీ విశ్రాంతి ఎందుకు?

వాస్తవం: పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి ఉపాధ్యాయుడికి వారానికి కనీసం 45 గంటల పని అని విద్యాహక్కు చట్టమే నిర్ణయించింది. పిల్లల ఇంటర్వెల్‌లో మేము చేసేది భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు, ఫొటోలు. అందుకే మేమిద్దరం వంతులు వేసుకున్నాం. ఒకరు మైదానంలో పిల్లలను చూసుకుంటే, రెండోవారు ఫోను పక్కన పెట్టి టీ తాగాలి. మరునాడు వంతు మారుతుంది. ఆగే యాప్ పని సాయంత్రం చూసుకుంటాం. ఆగని పని మాత్రం ఇప్పటికీ టీ చల్లార్చేస్తూనే ఉంది.