పది ఆజ్ఞలు తరగతి గోడకెక్కిన దారి

లూసియానా 2024లో, టెక్సస్ 2025లో చేసిన చట్టాలతో అమెరికాలో ప్రభుత్వం మతాన్ని బడిలోకి తేవచ్చా అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. ప్రభుత్వ పాఠశాలల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లో దేవుడు మోషేకిచ్చిన పది ఆజ్ఞలు కనిపించాలంటాయి ఈ చట్టాలు. జాతి నీతికి క్రైస్తవమే పునాది అన్నది సమర్థకుల మాట. రాజ్యాంగ నిర్మాతలు మతం గురించి ఏమనుకున్నారో ఇరుపక్షాలూ చెప్పేవి పాత వాదనలే. అసలు మలుపు మినెసోటాలోని ఒక బాలనేరస్థుల కోర్టులో ఉంది.

తన ముందుకొచ్చే కుర్రాళ్లకు నీతి నియమాలు తెలియడం లేదని 1940లలో అక్కడి న్యాయమూర్తి ఇ.జె. రూగెమర్ బాధపడ్డారు. వాళ్లకు పది ఆజ్ఞల ప్రతులు పంచాలనుకున్నారు. ఫ్రాటర్నల్ ఆర్డర్ ఆఫ్ ఈగల్స్ అనే సంఘం ఆ పనిని భుజానికెత్తుకుంది. చిక్కల్లా ఏ పాఠం అచ్చువేయాలన్న దగ్గరే. ఆజ్ఞలను యూదులు ఒకలా, కాథలిక్కులు ఒకలా, ప్రొటెస్టంట్లు ఒకలా లెక్కపెడతారు. మూడు వర్గాల ప్రతినిధులూ కూర్చుని ఒక సంక్షిప్త పాఠం కుదిర్చారు.

అది దేవుణ్ణి కాదనే కమ్యూనిజం అంటే భయం కమ్ముకున్న కాలం. 1892లో ఒక బాప్టిస్టు పాస్టరే రాసిన అమెరికా జెండా ప్రతిజ్ఞలో దేవుడి ఊసు లేదు, 1954లో చేర్చారు. ఈగల్స్ పాఠం కాగితం మీది నుంచి రాతి మీదికెక్కింది. మోషే కథతో హాలీవుడ్ తీసిన భారీ చిత్రంలోని నటులు కొన్ని ఫలకాల ఆవిష్కరణకు వచ్చారు కూడా! టెక్సస్ శాసనసభ ఆవరణలో 1961లో ఒకటి వెలిసింది.

2005లో సుప్రీంకోర్టు దాన్ని 5-4తో ఉండనిచ్చింది. నిర్ణాయక ఓటు వేసిన జస్టిస్ బ్రయర్ మాత్రం, ఇది బడి ఆవరణ కాదు, పసి మనసుల దగ్గర ప్రభుత్వం మరింత జాగ్రత్తగా ఉండాలి అని విడిగా రాశారు. లూసియానా చట్టంలో పొందుపరిచింది ఆ రాతి మీది పాఠాన్నే. రాయి చెల్లినప్పుడు పోస్టరు ఎందుకు చెల్లదని సమర్థకులు అడుగుతున్నారు. బ్రయర్ షరతును మాత్రం ఎత్తరు.

తరగతి గోడల సంగతి 1980లోనే తేలింది. తరగతి గదుల్లో పది ఆజ్ఞలు పెట్టాలన్న కెంటకీ రాష్ట్ర చట్టాన్ని సుప్రీంకోర్టు అప్పుడు కొట్టేసింది. ఆ చట్టం గోడకు పెట్టమన్న పోస్టరు కొలత 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. టెక్సస్ ఇప్పుడు కనీస కొలతగా పెట్టిందీ అదే. చట్టం వెనుక మతేతర ఉద్దేశం ఉందా వంటి ప్రశ్నలతో ఆ తీర్పుకు ఆధారమైన పరీక్షను 2022లో సుప్రీంకోర్టు పక్కనపెట్టి, చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడాలంది. అందుకే ఈ రాష్ట్రాలకు ఈ ధైర్యం.

లూసియానాలో కోర్టుకెక్కిన తల్లిదండ్రుల్లో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరూ ఉన్నారు. లేఖనంలో ఏ పాఠం సరైనదో ప్రభుత్వం ఎలా నిర్ణయిస్తుందన్నది ఆయన అభ్యంతరం.