టోన్‌ఆర్మ్‌లో వెండి తీగ ఎందుకు?

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో అటక మీంచి దిగుతున్న పాత రికార్డు ప్లేయర్లకి తరచూ ఒకటే జబ్బు. ఘంటసాల పాడుతూ ఉండగానే ఎడమ స్పీకరు మూగబోతుంది. సూదిని మోసే చేయిని, అంటే టోన్‌ఆర్మ్‌ని, కాస్త కదిపితే మళ్లీ పలుకుతుంది. ముందు అందరూ సూదినే అనుమానిస్తారు. చాలాసార్లు దోషం సూదిది కాదు, ఆర్మ్ గొట్టంలోంచి పోయే సన్నటి తీగలది. పాట పెట్టిన ప్రతిసారీ అవి ఆర్మ్ తిరిగే కీలు, అంటే పివట్ దగ్గర మెలిపడుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి మెలిపడ్డాక ఎక్కడో ఒక చోట తెగుతాయి.

మార్చాలనుకోగానే ఎవరో ఒకరు వెండి తీగ వేయించమంటారు. వెండి రాగి కంటే మంచి వాహకమే, కాదనను. తేడా ఆరు శాతం లోపే. 0.127 మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరుకి సుమారు 1.36 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఆర్మ్‌లో పోను రాను 60 సెంటీమీటర్లు అనుకుంటే 0.8 ఓమ్. వెండి వేస్తే అందులో 0.05 ఓమ్ తగ్గుతుంది. సూది కదలికని కరెంటుగా మార్చే డబ్బీ కార్ట్‌రిడ్జ్; మామూలు మూవింగ్ మాగ్నెట్ రకంలో దాని కాయిల్ నిరోధమే కొన్ని వందల ఓమ్‌లు, ఆ సిగ్నల్ వెళ్లి చేరే యాంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్ 47,000 ఓమ్‌లు. వీటి ముందు ఆ 0.05 ఏ మూలకి? పైగా వెండిని నల్లబరిచే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కూవం నది ఒడ్డున కొదవ లేదు.

ఇక్కడ అసలు చూడాల్సింది తీగ ఎంత సులువుగా వంగుతుందన్నది. సూది గాడిలో నిలిచేది సుమారు రెండు గ్రాముల బరువుతో. రికార్డు అంచు నుంచి లేబుల్ దాకా ఆర్మ్‌ని నడిపించేది ఆ గాడే. తీగ బిరుసుగా ఉంటే స్ప్రింగులా ఆర్మ్‌ని ఒక పక్కకి నెడుతుంది. అప్పుడు గాడి ఒక గోడ మీద ఒత్తిడి పెరిగి, రెండో గోడ మీద తగ్గుతుంది. తగ్గిన వైపు చానెల్లో 'స', 'ష' అక్షరాలు బుసకొట్టినట్టు వినిపిస్తాయి.

గుండ్రటి తీగ బిరుసుతనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. అంటే మందం సగమైతే, వంచడానికి పదహారో వంతు బలం చాలు. అందుకే 0.13 మిల్లీమీటర్ల ఒంటి తీగ బదులు 0.05 మిల్లీమీటర్ల పోగులు ఏడు కలిపి వాడతారు. రాగి దాదాపు అంతే ఉంటుంది, బిరుసు మాత్రం ఏడో వంతుకి పడిపోతుంది. పోగు పోగుకీ ఎనామెల్ పూత ఉన్న ఈ రకాన్ని లిట్జ్ వైరు అంటారు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు తీగ పైపొరలోనే పారడాన్ని స్కిన్ ఎఫెక్ట్ అంటారు; దాన్ని తగ్గించడానికే లిట్జ్ అని కొందరి వాదన. రేడియో పౌనఃపున్యాల దగ్గర అది నిజమే. 20 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం రాగిలో ఆ పొర లోతు 0.46 మిల్లీమీటర్లు. మన తీగ మొత్తం మందం అందులో మూడో వంతు కూడా లేదు.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెతికేవాళ్లు తీగ మందాన్ని చెప్పే గేజ్ నంబరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. టోన్‌ఆర్మ్ తీగలకి రాసేది అమెరికన్ గేజ్. మన దగ్గర మోటారు కాయిల్స్ చుట్టే వైండింగ్ వైరుకి చెప్పేది ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ గేజ్. అమెరికన్ 36 అంటే 0.127 మిల్లీమీటర్లు, ఎస్‌డబ్ల్యూజీ 36 అంటే 0.193. నంబరు ఒకటే అని కొంటే అయిదు రెట్లకు పైగా బిరుసైన తీగ చేతికొస్తుంది. మిల్లీమీటర్లలో అడగడమే మేలు. అయినా వైండింగ్ వైరు ఒంటి తీగే కాబట్టి, ఆర్మ్‌కి లిట్జ్ తెప్పించుకోవడమే సరైన పని.

డబ్బు ఖర్చుపెట్టాలని ఉంటే ఆర్మ్ నుంచి యాంప్లిఫయర్‌కి పోయే కేబుల్ మీద పెట్టండి. ఆ కేబుల్ కెపాసిటెన్స్ కార్ట్‌రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్సుతో కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర శబ్దాన్ని ఉబ్బిస్తుంది, దాన్నే రెజొనెన్స్ అంటారు. కాయిల్ ఇండక్టెన్సు 0.5 హెన్రీ అనుకుంటే, మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్‌ల దగ్గర రెజొనెన్స్ 16 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. 400 అయితే 11కి దిగొస్తుంది. ఈ తేడా చెవికి తెలుస్తుంది.

ఆర్మ్‌లోని నాలుగు తీగల రంగులు మామూలువే: ఎడమకి తెలుపు, దాని గ్రౌండ్ నీలం; కుడికి ఎరుపు, దాని గ్రౌండ్ ఆకుపచ్చ. ఏ చానెల్ జత ఆ జతగా మెలిపెట్టాలి, లోహపు గొట్టానికి ఎర్త్ ఇవ్వాలి. ఎందుకంటే యాంప్లిఫయర్‌లో రికార్డు సిగ్నల్‌ని పెంచే భాగం, అంటే ఫోనో స్టేజ్, 50 హెర్ట్జ్‌ని, 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే, 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు పెంచుతుంది. మన కరెంటు గురగుర కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

టంకం వేసేటప్పుడు కార్ట్‌రిడ్జ్ తీసి పక్కన పెట్టాల్సిందే, ఆ వేడికి లోపలి కాయిల్ దెబ్బతింటుంది. పోగులు తలవెంట్రుక కంటే సన్నం, పూత గీకబోతే తెగుతాయి. చాలా లిట్జ్ తీగలకి ఐరన్ మొన మీద నిలిచిన టంకం బొట్టులో కొసని రెండు మూడు సెకన్లు ముంచితే పూత కాలిపోయి, కొస వెండిలా మెరుస్తుంది. మీటరు పెట్టి నాలుగు తీగలూ ఒక కొస నుంచి రెండో కొస దాకా తెగకుండా ఉన్నాయో లేదో కూడా కార్ట్‌రిడ్జ్ లేకుండానే చూసుకోవాలి.

ఆ తర్వాత కార్ట్‌రిడ్జ్ బిగించి, ప్లేయర్‌ని సమంగా పెట్టి, ఆర్మ్‌ని బయటి వైపుకి లాగే యాంటీ స్కేటింగ్ మరని సున్నాకి తిప్పి, ఆర్మ్ గాల్లో తేలేలా వెనక బరువు సర్దండి. ఎక్కడ వదిలితే అక్కడే నిలవాలి. తనంతట తాను ఒక పక్కకి జరుగుతుంటే పివట్ దగ్గర తీగ లూప్‌ని ఇంకాస్త వదులు చేసి మళ్లీ చూడాలి.