పాత ఇంటి కరెంటు బోర్డు మార్చే ముందు

నల్లగొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దేవరకొండ దగ్గరి మన పాత ఇంటికి ఫ్యూజుల బోర్డు తీసేసి ఎంసీబీల (కరెంటు మితిమీరితే తామే పడిపోయి ఆపే స్విచ్చుల) బోర్డు పెట్టించాలని మీరందరూ అనుకున్నారని విని సంతోషించాను. అయితే దుకాణానికి పోయే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదవండి. బోర్డు కాపాడేది గోడ మీది వైరును. ఆ వైరు ఏ స్థితిలో ఉందో, ఎంత కరెంటు మోయగలదో తెలుసుకోకుండా పెట్టిన బోర్డు ఎంత ఖరీదైనదైనా ఇంటికి రక్షణ కాదు.

ముందరి అర్రలలో టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టి వేసిన వైరింగు ఇంకా అలాగే ఉంది. దాని లోపలి రబ్బరు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయి ఉంటుంది. కదలనంత కాలం బాగానే కనిపిస్తుంది కానీ, స్విచ్చు విప్పి వైరును కొంచెం వంచితే పొట్టు రాలినట్లు రాలి లోపలి రాగి బయటపడుతుంది. వెనుక అర్రలకు తరువాత వేసినది అల్యూమినియం వైరు. అల్యూమినియాన్ని నేరుగా రాగితో మెలిపెట్టి టేపు చుట్టిన చోట అతుకు క్రమంగా వదులై వేడెక్కుతుంది. అటువంటి చోట స్విచ్చు బోర్డు పసుపుబారి, కాలిన వాసన వేస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే అక్కడి స్విచ్చు ఒక్కటే మార్చి ఊరుకోకండి, ఆ వైరు మొత్తం తీయించండి.

పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజుల సంగతి వేరు. వాటిలో తప్పు వస్తువుది కాదు, వాడకానిది. 5 ఆంపియర్ల ఫ్యూజుకు 0.2 మిల్లీమీటర్ల మందం గల, తగరం పూత ఉన్న రాగి తీగ ఒక్క పోగు చాలు. అది మాటిమాటికీ పోతున్నదని ఏదో వైరు కొసలోంచి నాలుగైదు పోగులు తీసి మెలిపెట్టి బిగించడం మన ఊళ్లలో మామూలైపోయింది. అప్పుడు కరగవలసిన ఫ్యూజు నిలిచి, గోడ మీది వైరు కాలుతుంది. సరైన తీగ కట్టినా అది దాని అంకెకు దాదాపు రెట్టింపు కరెంటు పోతే గానీ కరగదు. ఎంసీబీ అయితే 1.45 రెట్ల కరెంటుకు గంటలోపే పడిపోతుంది.

పాత బోర్డులలో ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కూ (అది తిరిగి పోయే వైరు) చెరొక ఫ్యూజు పెట్టేవారు. న్యూట్రల్‌లో ఒంటరిగా ఫ్యూజు ఉండకూడదని 1956 నాటి విద్యుత్ నియమాలే చెప్పినా చాలా ఇళ్లలో అది అలాగే మిగిలింది. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, ఇంట్లో అందరూ కరెంటు లేదనుకుంటారు, కానీ హోల్డరు దాకా ఫేజు ఉండనే ఉంటుంది. అందుకే లైటు వెలగడం లేదన్న ధైర్యంతో ఏ వైరునూ ముట్టుకోకండి. మెయిన్ ఆఫ్ చేసినా మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. మీరు పక్కన నిలబడి చూడండి, అడగండి.

బల్బులు, ప్లగ్గులు అన్నీ తీయించి, మెయిన్ ఆపి, 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతుందో కొలిచే పరికరం) వైరింగును పరీక్షించమని అతణ్ణి అడగండి. 1 మెగోమ్ కన్నా తక్కువ చూపిన భాగం ఎక్కడ దెబ్బతిన్నదో వెతకవలసిందే.

ఇక ఎంసీబీని ఎంచుకునేది వైరును బట్టి. లైట్లు, ఫ్యాన్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 6 ఆంపియర్లు, ప్లగ్గుల 2.5 వైరుకు 16 ఆంపియర్లు సరిపోతాయి. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి దానికీ, ఏసీకీ బోర్డు నుంచే వేరు వైరు వేయించండి. ఎంసీబీ తరచూ పడిపోతున్నదని పెద్దది పెట్టడం, పాత ఫ్యూజుకు పోగులు పెంచడం రెండూ ఒకటే.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని (కరెంటు భూమిలోకి లీకైతే ఆపే స్విచ్చు) మాత్రం ఏ కారణం చేతా వదులుకోకండి. మనిషి ఒంటి గుండా కరెంటు భూమిలోకి పోతున్నప్పుడు ఎంసీబీకి అది తెలియదు, ఆర్‌సీసీబీ 0.3 సెకన్లలోపు ఆపుతుంది. పాత ఇళ్లలో దీన్ని పెట్టగానే పడిపోవడం సాధారణం. ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకు తగిలి ఉంటుంది, లేదా ప్లగ్గులో ఎవరో ఆ రెండింటినీ కలిపి ఉంటారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి నేరుగా కలుపుతానంటే ఒప్పుకోకండి. ఒక రోజు ఎక్కువ పట్టినా ఆ లోపం కనిపెట్టించండి.

మన ఇంటి ఎర్తు వైరు పూర్వం ఇనుప నీళ్ల పైపుకు కట్టి ఉండేది. ఆ పైపు స్థానంలో ప్లాస్టిక్ పైపు వచ్చిన నాటి నుంచి ఇంటికి ఎర్తు లేనట్లే. కొత్తగా 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును 2.5 మీటర్ల లోతున పాతించాలి. మన నేలలో తొందరగానే గట్టి బండ తగులుతుంది కాబట్టి, నిలువుగా దిగకపోతే నిలువు నుంచి 30 డిగ్రీలకు మించకుండా ఏటవాలుగా దించవచ్చు. స్థలం జాలారి పక్కన చూడండి, అక్కడ తేమ ఉంటుంది. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోయడం మరవకండి.

మీటరు, దాని సీలు పంపిణీ సంస్థవి, మీరు ముట్టుకోరాదు. ఏసీ పెట్టే ఆలోచన ఉంటే అదనపు లోడుకు ముందే దరఖాస్తు ఇవ్వండి. పని పూర్తయ్యాక ఏ ఎంసీబీ ఏ అర్రదో తెలుగులో రాసి బోర్డు మీద అంటించండి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూసే బాధ్యత మీలో ఒకరు తీసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య