మొహం రుద్దితే తెల్లబడుతుందా? ఇంట్లో స్క్రబ్బింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరేసరికి మా స్కిన్ ఓపీలో ఒకే రకం ఫిర్యాదు పెరుగుతుంది. బుగ్గలు కంది, ముక్కు పక్కన పొట్టు లేచి, చన్నీళ్లు తగిలినా మంట. ఏం వాడారమ్మా అంటే, "ఏమీ వాడలేదు డాక్టర్ గారూ, అన్నీ ఇంట్లోవే" అంటారు. ఇంట్లోవంటే నిమ్మకాయ, పంచదార, కాఫీ పొడి, వంట సోడా. కొందరి దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసా కూడా ఉంటుంది, దాని సంగతి గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పరు. మొహాన్ని స్క్రబ్ చేసుకోవడమే తప్పని నేననను. అవసరానికి మించి చేస్తున్నారన్నదే నా గొడవ.

అపోహ: మృతకణాలు పేరుకుపోతాయి, మనం రుద్ది తీయకపోతే పోవు.

వాటంతటవే పోతాయి. చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి యవ్వనంలో సుమారు 4 వారాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది, నలభై దాటాక మొహం కాస్త కళ తగ్గినట్టు ఉండడానికి ఇదీ ఒక కారణం. పైనున్న ఆ మృతకణాల పొర చెత్త కాదు. లోపలి తేమ ఆవిరి కాకుండా, బయటి సూక్ష్మజీవులు లోపలికి పోకుండా కాపాడేది అదే. మొహం మీద దాని మందం మిల్లీమీటరులో 50వ వంతు కూడా ఉండదు. దాన్ని రోజూ గీకేస్తే ఇంకేం మిగులుతుంది?

పీలింగ్ జెల్ రాసి రుద్దినప్పుడు ఉండలు ఉండలుగా వస్తుందే, అదంతా మురికి అనుకుని సంబరపడకండి. అందులో ఎక్కువ భాగం ఆ జెల్లే.

అపోహ: గట్టిగా రుద్దితే నలుపు వదులుతుంది.

నేను ఎక్కువగా పోట్లాడేది దీనితోనే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది పై చర్మం అడుగు భాగంలో. స్క్రబ్ అక్కడిదాకా పోదు, పోతే రక్తం వస్తుంది. మనలాంటి చామనఛాయ చర్మానికి ఇంకో గుణం ఉంది. ఎక్కడ చిన్న వాపు వచ్చినా, గీత పడినా, కందినా అక్కడ మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. మొటిమ మానాక మచ్చ నెలల తరబడి ఉండిపోయేది అందుకే. అంటే నలుపు పోవాలని రుద్దేవాళ్లు నలుపు రావడానికి కావలసిన పనే చేస్తున్నారు. కొద్దిగా నల్లబడిందని ఇంకాస్త గట్టిగా రుద్దుతారు, అది ఇంకాస్త నల్లబడుతుంది. నైలాన్ పీచుతో ఏళ్ల తరబడి వీపు, చేతులు తోముకునేవాళ్లకు పడే నల్లటి చారలు కూడా ఈ కోవలోవే.

మంగు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాపిడికి, ఎండకు, వేడికి మంగు ముదురుతుంది. మీకు స్క్రబ్ వద్దు, అంతే.

అపోహ: నిమ్మరసం సహజమైనది, ఏమీ చేయదు.

జిల్లేడు పాలు కూడా సహజమైనవే. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 చిల్లర. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించినా పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ తేడా వందల రెట్లు. దీనికి తోడు నిమ్మజాతి కాయల్లో ఎండతో కలిస్తే చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, బొబ్బలెక్కి, ఆ తర్వాత గోధుమ రంగు చారలు మిగులుతాయి. వంట సోడా దీనికి వ్యతిరేక దిక్కున క్షారం, అదీ చర్మానికి పడదు. పంచదార పలుకుల అంచులు పదునుగా ఉంటాయి. అరికాళ్లకు వాడుకోండి, మొహానికి వద్దు.

అపోహ: సున్నిపిండి కాబట్టి ఎంతైనా వాడొచ్చు.

సున్నిపిండి మీద నాకు అభిమానమే. వారానికోసారి నూనె రాసుకుని ఒంటికి నలుగు పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది. మొహం దగ్గరకొచ్చేసరికి రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మరలో ఆడించిన పిండి గరుకుగా ఉంటుంది. పలుచటి బట్టలో జల్లించి, ఆ మెత్తటిది మాత్రమే మొహానికి వాడండి. రెండోది చాలామందికి తెలియదు. కొన్ని ఇళ్లలో సున్నిపిండిలో బావంచాలు కలుపుతారు. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది, చర్మం ఎండకు తీవ్రంగా స్పందించేలా చేయడం దాని పని. బొల్లి చికిత్సలో అతినీల లోహిత కిరణాలతో పాటు వాడేది ఈ సోరలెన్‌నే. అలాంటి పిండితో మొహం రుద్దుకుని ఎండలో తిరిగితే కందిపోవచ్చు, నల్లబడొచ్చు. మొహానికైతే బావంచాలు వేయకుండా ఉత్త పెసరపిండి ఆడించుకోండి. పాలతోనో పెరుగుతోనో పలుచగా కలిపి, ఆరిపోకముందే కడిగేయాలి. బిగుసుకుపోయాక పెచ్చులు గీకితే పిండి మంచిదైనా లాభం లేదు. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉన్న మాట నిజమే గానీ చాలా తక్కువ, దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

అపోహ: యాసిడ్ సీరమ్‌లు ప్రమాదం, స్క్రబ్బే నయం. మంట పుడితే పనిచేస్తున్నట్టు.

రెండూ తప్పే. గ్లైకోలిక్, లాక్టిక్, మాండెలిక్ లాంటి ఆమ్లాలు కణాల మధ్య పట్టును వదులు చేస్తాయి, రుద్దే పని ఉండదు. సాలిసిలిక్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి జిడ్డు చర్మానికి బాగా పనికొస్తుంది. తక్కువ గాఢతలో సరిగా వాడితే గరుకు స్క్రబ్ కంటే ఇవే మేలని నా అభిప్రాయం. ఇంట్లో వాడే గ్లైకోలిక్, లాక్టిక్ 10 శాతం దాటకూడదు, సాలిసిలిక్ 2 శాతం చాలు. కొత్తవాళ్లు 5 శాతం లాక్టిక్‌తో, వారానికి ఒక రాత్రి మొదలుపెట్టండి.

ఆన్‌లైన్‌లో దొరికే 30, 70 శాతం పీల్ సీసాల (చర్మం పై పొరను ఊడదీసే గాఢమైన ఆమ్లాలు) జోలికి పోవద్దు. మేం క్లినిక్‌లో పీల్ చేసేటప్పుడు చర్మాన్ని గమనిస్తూ ఎప్పుడు ఆపాలో చూసుకుంటాం, ఇంట్లో అద్దం ముందు అది కుదరదు. ఇలాంటి పీల్స్‌ను వైద్య పర్యవేక్షణ లేకుండా వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2024లో హెచ్చరించింది. నిమిషంపాటు కాస్త చురుక్కుమంటే ఫర్వాలేదు. మంట పెరుగుతుంటే వెంటనే కడిగేయాలి, ఓర్చుకోకూడదు.

అపోహ: మొటిమలున్నవాళ్లు రోజూ స్క్రబ్ చేయాలి.

మొటిమ మురికి వల్ల రాదు. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మట్టి కాదు, గాలి తగిలి రంగు మారిన జిడ్డూ మెలనినూ. చీముపట్టిన మొటిమల మీద స్క్రబ్ చేస్తే మిగిలేది మచ్చలే.

అపోహ: యాసిడ్ సీరమ్ రాత్రి వాడితే పగలు సన్‌స్క్రీన్ అక్కర్లేదు.

గ్లైకోలిక్ లాంటివి వాడాక చర్మం ఎండకు సున్నితమవుతుంది, ఆపేశాక కూడా వారం దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. మన రోహిణి కార్తె ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా వీటిని వాడడం కన్నా అసలు వాడకపోవడమే మేలు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, రెండు వేళ్ల పొడవునా తీసుకుని మొహానికీ మెడకూ రాయండి. బఠాణీ గింజంత సరిపోదు.

కొందరు మాత్రం దేన్నీ ముట్టుకోకూడదు. థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ చేయించుకున్న ఒకటి రెండు రోజులు, ఎండకు కమిలినప్పుడు, రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ వల్ల పొట్టు లేస్తున్నప్పుడు ఆగాలి. మెడికల్ షాపులో "తెల్లబడే క్రీమ్" అని ఇచ్చినది నెలలుగా రాస్తున్నవాళ్లు అసలు చేయొద్దు. అందులో స్టీరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ, దాంతో చర్మం పలచబడిపోయి ఉంటుంది. 2018లో కేంద్రం చాలా స్టీరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలంది, అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. దాన్ని ఒక్కసారిగా ఆపేసినా మొహం మండిపోతుంది కాబట్టి డాక్టర్‌కి చూపించి ఆపండి. పెళ్లికూతుళ్లకు ఇంకో మాట: ముహూర్తానికి నెలలోపు మొహం మీద కొత్త ప్రయోగాలేవీ వద్దు.

ఏది కొత్తగా మొదలుపెట్టినా ముందు చెవి వెనక కొద్దిగా రాసి మూడు నాలుగు రోజులు చూడండి. స్క్రబ్ అయితే వారానికోసారి, సాయంత్రం, తడి మొహం మీద వేళ్ల కొసలతో అర నిమిషం. తర్వాత మాయిశ్చరైజర్.

ఒకవేళ మొహం కాలితే చల్లటి నీళ్లతో బాగా కడిగి, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ వాసెలిన్ గానీ రాయండి. పసుపు, టూత్‌పేస్ట్, ఐసు వద్దు. బొబ్బలొస్తే, లేదా వారంలో ఎరుపు తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి. వచ్చేటప్పుడు వాడిన ట్యూబ్, సీసా, ప్యాకెట్ ఏదైనా సంచిలో వేసుకుని రండి. మాకు దాని పేరు కంటే వెనక సన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టికతోనే ఎక్కువ పని.