"అమ్మకి చెప్పకండి మేడమ్": క్యాన్సర్ రోగుల ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

విశాఖలో క్యాన్సర్ రోగుల కుటుంబాలతో మాట్లాడటం నా వృత్తి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి), ప్రైవేటు ఆసుపత్రులు... వైద్యానికి ఎక్కడికి వచ్చినా, శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో ఒడిశా నుంచో బస్సులు మారి వచ్చేవాళ్లు ఇద్దరుంటారు. రోగి పేరు మీద కేస్ షీట్ ఉంటుంది. పక్కన ఫ్లాస్కూ, రిపోర్టుల సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏ షీటూ ఉండదు. ఇది ఆ రెండో మనిషి కోసం రాస్తున్నాను.

అపోహ: జబ్బు పేరు చెబితే ధైర్యం పోయి మంచం పడతారు.

నా దగ్గరికి వచ్చే కొడుకుల్లో, కూతుళ్లలో చాలామంది గది బయటే ఆపి అడిగేది ఇదే. ఒక తల్లి సంగతి చెబుతాను (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). అరవై దాటిన మనిషి. మన తీరప్రాంతంలో ఆడవాళ్లు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఏళ్ల తరబడి అలవాటు. అంగుట్లో క్యాన్సర్. "పుండని చెప్పాం మేడమ్, మీరూ అదే అనండి" అన్నాడు కొడుకు. అతను మందుల షాపుకి వెళ్లాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రేడియేషన్‌ని ఆవిడ కరెంటు అంటుంది. "పుండుకి ఇన్నాళ్లు కరెంటెడతారేటి తల్లీ? నాకు తెలుసు. ఆడు బెంగెట్టుకుంటాడని తెలీనట్టుంటన్నాను. సెవి దుద్దులు మనవరాలికి ఇవ్వాలనుంది. ఎలగ అడగను?"

తల్లికి తెలుసు, కొడుక్కి తెలుసు. ఒకే గదిలో పడుకుని, అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు ఏడుస్తున్నారు.

వాస్తవం ఏమిటంటే, దాచినా రోగికి చాలాసార్లు అర్థమైపోతుంది. వార్డులో పక్క మంచం వాళ్లు చెబుతారు, రాలిన జుట్టు చెబుతుంది. దాచడం వల్ల పోయేది ఆవిడ అడగాలనుకున్న ప్రశ్నలు, పంచిపెట్టాలనుకున్న వస్తువులు, చెప్పాలనుకున్న మాటలు. అలాగని ఉన్నదంతా ఒక్కసారే కుమ్మరించమని కాదు. "నీ జబ్బు గురించి నువ్వేమనుకుంటున్నావమ్మా? ఇంకా తెలుసుకోవాలనుందా?" అని అడగండి. "నాకొద్దు, అబ్బాయికి చెప్పండి" అంటే ఆ మాటకీ విలువివ్వాలి. నిర్ణయం మాత్రం ఆవిడది కావాలి. ఆ కొడుకు అడగడానికి మూడు రోజులు పట్టింది. అడిగిన సాయంత్రం ఇద్దరూ కలిసి ఏడ్చారు, తర్వాత కలిసి గంజి తాగారు.

అపోహ: చుట్ట తాగి తనే తెచ్చుకుంది.

పొగాకు కారణమే, కాదనను. కానీ మంచం పక్కన ఆ మాట అంటే చికిత్సకి రావడానికే సిగ్గుపడతారు. "ఇప్పుడు మానినా లాభమే" అనండి, అది నిజం కూడా. చికిత్స మొదలయ్యాక చుట్ట మానినా వైద్యం ఇంకా బాగా పనిచేస్తుంది.

అపోహ: మనసు గట్టిగా ఉంటే జబ్బు ఓడిపోతుంది.

ఈ మాట ప్రేమతోనే అంటారు. కానీ జబ్బు ముదిరితే "నేనే ధైర్యం తెచ్చుకోలేకపోయాను" అని రోగి తనను తానే నిందించుకుంటుంది. మనోధైర్యం తీరుని బట్టి ఆయుష్షు పెరుగుతుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. ఏడుపొస్తే ఏడవనివ్వండి.

అపోహ: కంచం, గ్లాసు వేరు పెట్టాలి.

క్యాన్సర్ అంటుకోదు. పక్కన కూర్చుని తినండి, పిల్లల్ని ఒళ్లోకి వెళ్లనివ్వండి. కీమో ఇచ్చిన రెండు రోజుల వరకు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, అది మందు వల్ల. పిల్లలకి మాత్రం ఒకటి విడిగా చెప్పాలి: "నువ్వు అల్లరి చేసినందుకు నానమ్మకి రాలేదు." చిన్నపిల్లలు నిజంగానే అలా అనుకుంటారు, పైకి అనరు.

అపోహ: చూసుకునేవాళ్లకి కౌన్సెలింగ్ ఎందుకు, మాకేం పిచ్చా?

"మమ్మల్ని చినవాల్తేరు పంపుతారా?" అని ఒక కోడలు భయపడుతూ అడిగింది. విశాఖ మానసిక ఆసుపత్రి ఉన్నది అక్కడే. లేదమ్మా అన్నాను. పొద్దున్న ఏం తిన్నావని అడిగాను. బస్సులో టీ తాగానంది. అప్పటికి మధ్యాహ్నం మూడు. దింపుకోలేని బరువు మోసే మనిషికి దిగులు, ఆందోళన రోగికి ఉన్నంతగానూ రావచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగానూ. మేం సున్నా నుంచి పది దాకా గీతలున్న థర్మామీటర్ బొమ్మ చూపించి, ఈ వారం మనసు బరువు ఎంతో వేలు పెట్టమంటాం. నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే కూర్చుని మాట్లాడతాం. ఆ అమ్మాయి వేలు తొమ్మిది మీద పెట్టింది. తర్వాత జరిగింది పెద్ద వైద్యమేం కాదు. వారంలో రెండు రోజులు ఆడపడుచు వచ్చేలా ఇంట్లో మాట్లాడాం, నిద్ర సంగతి డాక్టరుకి చెప్పాం.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, చావాలనిపించినా ఆగకండి. చావు ఆలోచన వస్తే రెండు వారాలు కూడా చూడొద్దు. 14416కి ఫోన్ చేయండి. ఇది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. రోగి పేరు చెప్పక్కర్లేదు. మీ గురించే చెప్పండి.