సముద్రానికి అందిన బీకన్, కొండకు అందని బీకన్

జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరాల నుంచి వేటకు పోయే మరపడవల వారికి, ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు పంపే బీకన్ అనే యంత్రం ఇప్పుడు వింత కాదు. పెంచలకోన పైనున్న వెలిగొండ అడవిలోకో, ఉదయగిరి దుర్గం మీదికో ఎక్కేవారి దగ్గర మాత్రం సాధారణంగా ఉండేది సెల్‌ఫోను ఒక్కటే. లోయలోకి దిగితే దానికి సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

ఈ బీకన్లు మొదట విమానాల కోసం పుట్టాయి. 1972 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ మెజారిటీ పక్ష నాయకుడు హేల్ బాగ్స్ ప్రయాణిస్తున్న చిన్న విమానం అలాస్కాలో అదృశ్యమైంది. 39 రోజులు గాలించినా శకలం కూడా దొరకలేదు. ఇటువంటి గాలింపులను తగ్గించేందుకు, ప్రచ్ఛన్నయుద్ధ కాలమైనా, 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ చేతులు కలిపి బీకన్ల సంకేతాలను ఉపగ్రహాలతో పట్టే కాస్పాస్-సర్సాట్ వ్యవస్థకు పునాది వేశాయి. 1982 జూన్‌లో తొలి ఉపగ్రహం ఎగిరింది. సెప్టెంబరులోనే కెనడా కొండల్లో కూలిన విమానంలోని ముగ్గురు దానివల్ల బతికారు. పాత 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం ఎవరిదో తెలిసేది కాదు, పైగా వట్టి హెచ్చరికలే ఎక్కువ. అందుకే, యజమాని గుర్తింపును వెంట తెచ్చే 406 మెగాహెర్ట్జ్‌కు మారి, 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు పాతదాన్ని వినడం మానేశాయి.

అదే ఏడాది సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైతే, పావురాలగుట్ట దగ్గర దాని జాడ మరునాటి ఉదయానికి గానీ తెలియలేదు. ఒక ప్రభుత్వమే కదిలి వెతికినా అంత సమయం పట్టిన అడవి అది.

ఆ నెలలోనే అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఒక బృందం ఉపగ్రహ యంత్రం మీట మూడుసార్లు నొక్కింది. అందులో ఒకసారి కారణం, దొరికిన నీళ్లు ఉప్పగా ఉండడం! రక్షకులు హెలికాప్టర్‌లో ప్రాణాలకు తెగించి వచ్చేది ఇందుకా అన్న విమర్శ అక్కడ గట్టిగానే వినిపించింది. మీట చేతిలో ఉందన్న ధీమాతో, అది లేకుంటే సాహసించని దారిలోకి దిగేవారు ఉంటారన్న వాదన నాకూ సబబుగానే తోస్తుంది.

మన దేశంలో 2010 నుంచి ఇస్రో యంత్రాలు మత్స్యకారులకు అందుతున్నాయి. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం యంత్రం, కబురు అందిందని తిరిగి పడవకే తెలియజేస్తుంది. ఆ కబురు అందుకొని కదలడానికి తీరరక్షక దళం ఉంది. కొండల సంగతి వేరు. ఉపగ్రహ ఫోన్లు, సందేశ యంత్రాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా వెంట ఉంచుకోవడం నేరం కనుక, విదేశాల్లో కొండలెక్కేవారు వాడే పరికరాన్ని ఇక్కడ కొని సంచిలో వేసుకుని బయలుదేరే వీలు లేదు. కాబట్టి వెలిగొండ ఎక్కేవారు ఏ దారిన పోతున్నదీ, ఎప్పటికి దిగివస్తారన్నదీ కింది ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లడమూ, వాన మొదలైతే వాగు దాటకుండా వెనుదిరగడమూ నేటికీ యంత్రం చేయవలసిన పనిలో సగం చేస్తున్నాయి. మిగిలిన సగం కోసం అనుమతుల నిబంధనను సడలించాలా వద్దా అన్నదానికంటే ముందు, కొండ మీది నుంచి వచ్చే కబురుకు అటవీ, పోలీసు, అగ్నిమాపక శాఖల్లో ఎవరు కదలాలో తేల్చవలసి ఉంటుంది.