ఢమరుకం నుంచి మృదంగం దాకా: మంచు మీద మలుపు కథ

ఇంట్లో పాత శుభలేఖ ఒకటి ఉంటే తీయండి. దళసరి అట్ట కావాలి. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న ముక్క కత్తిరించి, పొడవాటి అంచులు రెండింటినీ కాస్త లోపలికి వంపు తిరిగేలా కోయండి. కొసలు వెడల్పుగా, నడుము సన్నగా, ఢమరుకం ఆకారం వస్తుంది. ఇప్పుడు దాన్ని ఒక పక్క అంచు బల్లకు ఆనేలా ఏటవాలుగా పట్టుకోండి. రెండు కొసలే బల్లకు తగులుతాయి. నడుము గాలిలో ఉంటుంది. ఆ నడుము కూడా బల్లకు ఆనేదాకా మధ్యలో వేలితో నొక్కండి. బల్లకు ఆనిన అంచు ఇప్పుడు విల్లులా వంగి ఉంటుంది. అట్టను మరింత నిటారుగా పట్టుకుని నొక్కితే ఆ విల్లు ఇంకా వంగుతుంది.

మంచు మీద జారడానికి బూట్ల కింద బిగించుకునే పొడవాటి సన్నని పలకే స్కీ. గట్టి మంచు మీద అది మలుపు తిరిగేది సరిగ్గా ఇలాగే. కాళ్ళు మెలితిప్పితే స్కీలు తిరుగుతాయని మంచు చూడనివాళ్ళే కాదు, మొదటిసారి స్కీలు కట్టుకున్నవాళ్ళూ అనుకుంటారు. అలా తిప్పితే స్కీ పక్కకు జారుతుంది, మంచును గీరుతుంది, వేగం పోతుంది. చేయి తిరిగినవాళ్ళు స్కీని పక్కకు వాల్చి దాని మీద బరువు మోపుతారు, అంతే. మనిషి బరువుకు స్కీ విల్లులా వంగుతుంది, దాని ఉక్కు అంచు మంచులో సన్నని గాడి కోస్తుంది, ఆ గాడిలోనే స్కీ ముందుకు సాగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మంచు మీద పెన్సిలుతో గీసినట్టు రెండు వంపు గీతలు కనిపిస్తాయి. దీన్నే కార్వింగ్ అంటారు.

నడుము దగ్గర ఉండే ఈ కోతకు సైడ్‌కట్ అని పేరు. దాని లెక్క మన పదో తరగతి వృత్తాల పాఠమే. మంచుకు ఆనే పొడవును దానితోనే గుణించి, కోత లోతుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే ఆ వంపు ఏ వృత్తంలో భాగమో దాని వ్యాసార్ధం వస్తుంది. 1.5 మీటర్ల పొడవున ఆనే స్కీకి కోత 7 మిల్లీమీటర్లయితే వ్యాసార్ధం 40 మీటర్లు. కోత 20 మిల్లీమీటర్లయితే 14 మీటర్లే. ఒక్క సెంటీమీటరు పైచిలుకు తేడా, కానీ మలుపు దాదాపు మూడో వంతుకు తగ్గిపోయింది! ఇది స్కీ మీద అచ్చు వేసే అంకె. వాల్చిన కొద్దీ అసలు మలుపు దీనికన్నా చిన్నదవుతుంది. 60 డిగ్రీలు వాలిస్తే సుమారు సగమవుతుంది.

నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే ఊళ్ళో సోండ్రె నోర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే నడుము సన్నగా ఉన్న చెక్క స్కీలతో మలుపులు తిరిగాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఆ కోత పెద్దగా లోతు కాలేదు. చివరికి 1993లో స్లొవేనియాకు చెందిన ఇలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే స్కీని తెచ్చింది. యూరీ ఫ్రాంకో అనే ఇంజనీరు బృందం దానికి దాదాపు 22 మిల్లీమీటర్ల కోత పెట్టింది. బడి పిల్లలు చేయగల లెక్కకు ఇంతకాలం పట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అయితే అచ్చంగా లెక్క ఒక్కటే సరిపోదు. లోతైన కోత ఉన్న స్కీ పొడవునా మెత్తగా వంగాలి, అదే సమయంలో తడి తువ్వాలును పిండినట్టు మెలి తిరగకూడదు. మెలి తిరిగితే కొసల దగ్గర అంచు పట్టు వదిలేస్తుంది. వంగనిచ్చి, మెలి తిరగనివ్వని పలకను తయారు చేయడమే అసలు ఇంజనీరింగ్.

మరి కోత ఎంత లోతుగా ఉంటే అంత మంచిదా? కాదు. ఇక్కడ వేగం అడ్డొస్తుంది. సైకిల్ మలుపు తిప్పేటప్పుడు మనం లోపలికి వాలినట్టే స్కీ మీదా వాలాలి. వేగం పెరిగితే ఇంకా వాలాలి. కానీ వాలిన కొద్దీ స్కీ ఇంకా వంగి మలుపును మరింత చిన్నది చేస్తుంది, దానికోసం మరింత వాలాలి. ఈ వల ఒకచోట బిగుసుకుంటుంది: ఆ వేగం దాటితే ఎంత వాలినా గాడిలో నిలవలేం. చదునైన నేల మీద సులువు లెక్క వేస్తే 15 మీటర్ల వ్యాసార్ధం స్కీకి ఆ హద్దు గంటకు 44 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. 35 మీటర్ల స్కీకి 67 దాకా రాదు. కొండవాలు మీద, నడుము దగ్గర ఒంటిని విరిచి అంచు కోణం సర్దుకునే మనిషి విషయంలో ఈ అంకెలు మారతాయి, కానీ విషయం మారదు: చిన్న మలుపుల స్కీ నెమ్మదికి, పెద్ద మలుపుల స్కీ వేగానికి.

దీని మీద పెద్ద గొడవే జరిగింది. మోకాళ్ళ గాయాలు తగ్గించాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2012-13 సీజన్ నుంచి పురుషుల జెయింట్ స్లాలం (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) స్కీల కనీస వ్యాసార్ధాన్ని 27 మీటర్ల నుంచి 35కు పెంచింది. అమెరికన్ ఆటగాడు టెడ్ లిగెటీ ఆ నిర్ణయాన్ని అందరికన్నా గట్టిగా విమర్శించాడు. ఆ కొత్త స్కీలతోనే 2012 అక్టోబరులో ఆస్ట్రియాలోని జోల్డెన్‌లో 2.75 సెకన్ల తేడాతో గెలిచాడు. సెకనులో వందో వంతులు లెక్కపెట్టే ఆటలో అది నమ్మలేని తేడా. తిరగనని మొరాయించే స్కీని తుంటి మంచును రాసేంతగా వాల్చి, మలుపు మొదట్లోనే వంచేవాడు. స్కీ ఇవ్వని వంపును తన ఒంటితో తెచ్చుకున్నాడు. 2017-18 నుంచి ఆ హద్దును 30 మీటర్లకు తగ్గించారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా గట్టి మంచు గురించే. యంత్రాలతో తొక్కించి చదును చేసిన వాలు మీద మంచు ఘనపు మీటరుకు 400, 500 కిలోలు తూగుతుంది. అంచు దిగడానికి, ఒత్తిడికి ఎదురు నిలవడానికి అక్కడ ఒక నేల ఉంది. రాత్రే కురిసిన పొడి మంచు 50 నుంచి 100 కిలోలే. అందులో అంచు దేన్ని పట్టుకుంటుంది? బియ్యప్పిండి డబ్బాలో చాకు నిలువుగా దించితే సర్రున దిగిపోతుంది. అరచెయ్యి పరిచి నొక్కితే కిందనున్న పిండి గట్టిపడి ఒకచోట ఆపుతుంది. పొడి మంచులో స్కీ చాకులా కాక అరచెయ్యిలా పనిచేయాలి.

అక్కడ ఢమరుకం ఆకారం ఎదురు తిరుగుతుంది. మనిషి బరువంతా పడే నడుము సన్నగా ఉంది కాబట్టి అది దిగిపోతుంది. వెడల్పైన కొసలు తేలతాయి. వాల్చగానే ముందు కొస మంచును పట్టేసి, అడగని వైపుకు లాగుతుంది. షేన్ మెకాంకీ అనే స్కీయర్ ఈ చిక్కును నీళ్ళ వైపు నుంచి చూశాడు. లోతైన పొడి మంచు నీళ్ళలాంటిదైతే, నీళ్ళ మీద వాడే స్కీలకు సన్నని నడుము ఎందుకు లేదు? 1996లో అర్జెంటీనాలో ఒక బార్‌లో కూర్చుని కాగితపు న్యాప్‌కిన్ మీద తన బొమ్మ గీశాడు. తర్వాత నీటి స్కీలనే కాళ్ళకు బిగించుకుని అలాస్కా కొండల మీద దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ ఆ బొమ్మను స్పాట్యులా పేరుతో అమ్మకానికి తెచ్చింది. మధ్యలో దాదాపు 125 మిల్లీమీటర్లు వెడల్పు, కొసల వైపు సన్నం. పైగా రెండు కొసలూ పడవ అడుగులా పైకి లేచి ఉంటాయి. ఢమరుకం పోయి మృదంగం వచ్చింది.

శుభలేఖను ఈసారి మృదంగంలా కోసి వాల్చి చూడండి. అంచు మధ్యలో ఒక్కచోటే బల్లకు తగులుతుంది, అట్ట గిర్రున తిరిగిపోతుంది. స్పాట్యులాతో గట్టి మంచు మీద ఇదే బాధ: పట్టు లేదు. పొడి మంచులో మాత్రం అదే వరం. బరువు పడేచోట వెడల్పు ఉంది కనుక తేలుతుంది. కొసలు దేన్నీ పట్టుకోవు కనుక చిన్నగా తిప్పినా తిరుగుతుంది. అవసరమైతే అడ్డంగా జారుతూ వేగం తగ్గించుకోవచ్చు. మలుపుకు కావాల్సిన వంపు ఒత్తిడి వల్ల రావాల్సిన పని లేదు, స్కీ అడుగులోనే ఉంది. నా దృష్టిలో 1993 నాటి ఆవిష్కరణ కన్నా ఇదే సాహసం. ఎందుకంటే ప్రపంచమంతా నడుము ఇంకా సన్నం చేస్తున్న రోజుల్లో అతను పూర్తిగా తిరగేశాడు. 2009లో ఇటలీ కొండల్లో స్కీలతో కొండ అంచు నుంచి దూకినప్పుడు మెకాంకీ చనిపోయాడు. ఈ రోజు పొడి మంచు కోసం చేసే స్కీల్లో చాలావాటి కొసల్లో అతని గీత ఉంది.

స్నోబోర్డుది ఇంకో తమాషా. రెండు పాదాలూ అడ్డంగా బిగించుకునే పలక ఒక్కటే, అంచులు రెండు: ఒకటి వేళ్ళ వైపు, ఇంకొకటి మడమల వైపు. మన ఒళ్ళు రెండు వైపులా ఒకేలా వంగదు కదా, అందుకే కొన్ని బోర్డులకు మడమల వైపు కోత ఎక్కువ పెడతారు. పొడి మంచు బోర్డుల్లో తోకను ముక్కు కన్నా సన్నగా చేస్తారు. తోక దిగుతుంది, ముక్కు తేలుతుంది, వెనక కాలి మీద బరువు వేసి తొడలు పడిపోయేలా నిలబడే శ్రమ తగ్గుతుంది. 1970ల్లో అమెరికాలో దిమిత్రియె మిలోవిచ్ తన వింటర్‌స్టిక్ బోర్డుల తోకను స్వాలో పిట్ట తోకలా రెండుగా చీల్చింది కూడా ఇందుకే. గడ్డకట్టిన మంచు కోసం మరికొందరు అంచునే అలలు అలలుగా చేశారు. రంపపు పళ్ళలా బరువు కొన్ని చోట్లే పడి పట్టు చిక్కుతుంది.

కొండ మీద మంచు రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున అద్దంలా, మధ్యాహ్నం ముద్దగా, పైన పొడిగా, కింద తొక్కుడుపడి ఉంటుంది. అందుకే ఇప్పటి స్కీల్లో ఎక్కువ భాగం రాజీలు: కొసలు మృదంగానివి, పాదం కింద ఢమరుకం. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు తీసుకెళ్తుంది. పైన అఫర్వత్ కొండ మీద పొడి మంచు, కింద చదును చేసిన వాలు. (పైభాగంలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజంగా ఉంది, తెలిసిన గైడ్ లేకుండా అటు వెళ్ళకండి.) ఆ ప్రాంతం నుంచే వచ్చిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఒక్కడే పోటీపడ్డాడు. రెండు పందేలకు రెండు రకాల స్కీలు తప్పనిసరి: మలుపులు ఇంకా దగ్గర దగ్గరగా ఉండే స్లాలంకు కనీసం 165 సెంటీమీటర్లవి, జెయింట్ స్లాలంకు 193 సెంటీమీటర్లవి. జెయింట్ స్లాలంలో 45వ స్థానంలో నిలిచాడు.

హైదరాబాద్ నుంచి గుల్మార్గ్ వెళ్ళేవాళ్ళయినా, డెన్వర్‌లో, సియాటిల్‌లో ఉంటున్న మనవాళ్ళయినా స్కీలు అద్దెకు తీసుకునేటప్పుడు బూటు సైజు చెప్పి ఊరుకోకండి. జతను తీసుకుని అడుగులు రెండూ ఒకదానికొకటి ఆనించి పట్టుకోండి. కొసల దగ్గర కలిసి, మధ్యలో వెలుతురు కనిపిస్తే అవి గట్టి మంచువి. మధ్యలో కలిసి, కొసలు పిట్ట నోరులా తెరుచుకుని ఉంటే పొడి మంచువి. మధ్యలో వెలుతురూ ఉండి కొసలూ తెరుచుకుంటే రాజీ స్కీలు. ఆ తర్వాత కొండ వైపు ఒకసారి చూసి ఏది కావాలో అడగండి.